పాట తోడు అడిగినప్పుడు: ఒంటరి గొంతు నుంచి బృందం దాకా

మీ ప్రశ్న సారాంశం ఇది. పదేళ్ళ వయసు నుంచి ఇంట్లో పెద్దవాళ్ళ నోట విన్న జానపదాలు పాడుతున్నారు. ఇప్పుడు సొంతంగా కట్టిన పాటలు ముప్పై దాకా పోగయ్యాయి, గిటారుతో ఒంటరిగా వేదికలెక్కుతున్నారు. చిన్నతనంలో పద్ధతిగా సంగీతం నేర్చుకోలేదన్న దిగులు ఒక పక్క ఉంటే, బృందం ఎప్పుడు కట్టాలి, ఎవరితో కట్టాలి అన్న సందేహం మరో పక్క ఉంది. వీటిని మీరు రెండు ప్రశ్నలుగా అడిగారు గాని, నా మటుకు ఇవి ఒకటే. ఎందుకంటే చిన్నప్పుడు మీ చెవిలో పడినదేమిటో తెలిస్తేనే మీ పాటకు ఎలాంటి తోడు కావాలో తెలుస్తుంది. నేను ఇరవై ఆరేళ్ళుగా పాడుతున్నాను. అందులో మొదటి పదకొండేళ్ళు ఒంటరిగా పాడాను, తరువాత రెండు బృందాలు కట్టాను. మొదటిది ఎనిమిది నెలలకే చెదిరిపోయింది, రెండోది ఇప్పటికీ నడుస్తోంది. చెదిరిపోయిన బృందమే నాకు ఎక్కువ నేర్పింది కాబట్టి దాని గురించి దాచకుండా రాస్తాను.

ముందు దిగులు సంగతి చూద్దాం. జానపద సంగీతంలో బాల్యం ఇచ్చేది విద్య కాదు, చెవి. పుస్తకంలోంచి పాట నేర్చుకునే పిల్లలకు సాహిత్యం, స్వరం, తాళం విడివిడిగా అందుతాయి. పెద్దవాళ్ళ పక్కన కూర్చుని విన్న పిల్లలకు అవన్నీ ఒకే ముద్దగా వస్తాయి. వాటితో పాటు ఆ పాడే మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఏ మాట దగ్గర గొంతు తగ్గిస్తుందో, మరిచిపోయిన చరణం చోట ఏ మాటలు పెట్టి దాటేస్తుందో కూడా వస్తుంది. ఈ చివరిది చాలా విలువైనది. నోటి నుంచి నోటికి వచ్చే పాటకు స్థిరమైన ఒక్క రూపం ఉండదని ఆ పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అనే అమెరికన్ పండితుడు 1882 నుంచి 1898 దాకా ఇంగ్లండు, స్కాట్లండు కథాగేయాలను సంపుటాలుగా ప్రచురించినప్పుడు అసలు గేయాలు 305గా తేలాయి గాని, వాటిలో చాలావాటికి పక్కపక్కనే ఎన్నో పాఠాంతరాలు అచ్చువేయవలసి వచ్చింది. ఒక పాఠం సరైనదనీ మిగతావి తప్పులనీ చెప్పడానికి వీలు లేకపోవడమే అందుకు కారణం. పాటను మార్చే హక్కు పాడేవాడికి ఉందని చిన్నప్పుడే ఒంటబట్టిన మనిషి పెద్దయ్యాక సొంత పాట కట్టడానికి పెద్దగా జంకడు. మీరు ముప్పై పాటలు కట్టగలగడం వెనుక ఉన్నది అదేనని నా నమ్మకం.

అయితే బాల్యం అందరికీ ఒకేలా పని చేయదు. అమెరికన్ జానపద గాయని జీన్ రిచీ 1922లో కెంటకీ కొండ ప్రాంతంలోని వైపర్ అనే చోట, పద్నాలుగురు పిల్లల్లో ఆఖరిదానిగా పుట్టారు. ఇంటిల్లిపాదీ పాడేవారు, ఆమెకు పాట ఇంటి భాషలో ఒక భాగంగానే వచ్చింది. తరువాత 1952లో ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనం మీద బ్రిటన్, ఐర్లండ్‌లకు వెళ్ళి తన ఇంట్లో పాడుకునే పాటల మూలాలను వెతికారు. బొగ్గు గనులు తన నేలను ఏం చేశాయో చెప్పే సొంత పాటలూ రాశారు. మరో అమెరికన్ జానపద గాయకుడు పీట్ సీగర్ కథ దీనికి పూర్తిగా భిన్నం. 1919లో సంగీతజ్ఞుల ఇంట పుట్టి, తండ్రి సంగీత పండితుడూ తల్లి వయొలిన్ విద్వాంసురాలూ అయినా, ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన ఐదు తీగల బాంజో అనే వాయిద్యాన్ని 1936లో, నార్త్ కరొలైనాలోని ఆష్‌విల్‌లో జరిగిన ఒక జానపద ఉత్సవంలో విన్నారు. అప్పటికి ఆయన వయసు పదిహేడు. ఒకరికి పాట ఉగ్గుపాలతో వచ్చింది, మరొకరికి యౌవనంలో ఎదురుపడింది. ఇద్దరూ జానపద సంగీతానికి చేసిన సేవలో ఎక్కువ తక్కువలు ఎంచలేం. పద్ధతిగా నేర్చుకోలేదన్న లోటు నిజంగా లోటయ్యేది ఒకే ఒక సందర్భంలో, అంటే మీ తోటి వాయిద్యకారుడితో మాట్లాడటానికి మాటలు లేనప్పుడు. దాని సంగతి తరువాత చెప్తాను, అది ఆరు నెలల్లో తీరే లోటు.

ఎలిజబెత్ కాటన్ గురించి కూడా మీకు చెప్పాలనిపిస్తోంది. ఆమె నార్త్ కరొలైనాలో పుట్టిన నల్లజాతి మహిళ. ఎడమచేతి వాటం కావడంతో కుడిచేతివాళ్ళ కోసం చేసిన గిటారును తలకిందులుగా పట్టుకుని, బొటనవేలితో పై తీగల మీద బాణీనీ మిగతా వేళ్ళతో కింది స్వరాలనూ మీటే పద్ధతిని తనంతట తానే కనిపెట్టుకున్నారు. చిన్న వయసులోనే పాటలు కట్టారు. తరువాత దశాబ్దాల పాటు గిటారు ముట్టలేదు. సీగర్ కుటుంబంలో ఇంటిపనికి కుదిరాక, గోడకు వేలాడుతున్న గిటారును మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. అరవయ్యో పడిలో పడ్డాక మొదటి రికార్డు వచ్చింది. చిన్నప్పుడు చెవిలో పడిన పాట అన్నేళ్ళు మౌనంగా ఉండి కూడా చెడిపోలేదు. ఎవరూ నేర్పని ఆ చేతివాటం తరువాతి గిటారు వాద్యకారులకు ఒక శైలి అయింది. మీకు గురువు లేకపోవడం వల్ల అబ్బిన అలవాట్లు కొన్ని తప్పకుండా ఉంటాయి. వాటిని దిద్దుకునే ముందు అవి మీ పాటకు ఏమిస్తున్నాయో ఒకసారి చూసుకోండి. కెనడా గాయని జోనీ మిచెల్‌కు తొమ్మిదో ఏట పోలియో వచ్చి ఎడమ చెయ్యి బలహీనపడింది. మామూలు శ్రుతిలో కష్టమైన పట్లు (తీగలను కలిపి నొక్కే వేళ్ళ అమరికలు) తప్పించుకోవడానికి ఆమె గిటారు తీగలను రకరకాలుగా శ్రుతి చేసుకున్నారు, ఆ శ్రుతులే ఆమె పాటలకు వేరెవరికీ లేని నాదం తెచ్చాయి.

ఇక సొంత పాట కట్టడం. దీని మీద ఎక్కువ రాయను, మీకు అది చేతనవును. ఒక్క విషయం మాత్రం బృందంతో ముడిపడి ఉంది కాబట్టి చెప్తాను. అమెరికన్ జానపద గాయకుడు వుడీ గత్రీ తన సొంత పాటల్లో చాలావాటిని అప్పటికే జనం నోట ఉన్న పాత బాణీల మీద కట్టారు. చిన్నప్పుడు ఓక్లహోమాలోని ఒకీమాలో తల్లి పాడగా విన్న పాత కథాగేయాలు ఆయన మొదటి పాఠశాల. 1941లో ఒక ప్రభుత్వ విద్యుత్ సంస్థ కోసం కొలంబియా నది గురించి ఒక్క నెలలో 26 పాటలు రాయగలిగారంటే, ప్రతి పాటకూ కొత్త వరస వెతుక్కోనక్కరలేకపోవడం అందుకు ఒక కారణం. ఇందులో దొంగతనమేమీ లేదు, జానపదం ఎప్పుడూ అలాగే బతికింది. కాని దీనికి ఒక ఫలితం ఉంది. మీ పాటల్లో సగం మీకు తెలియకుండానే ఒకే పాత వరస మీద, ఒకే నడకలో ఉండవచ్చు. ఒంటరిగా పాడుతున్నప్పుడు అది బయటపడదు, ఎందుకంటే మీ గొంతూ మీ మాటలూ పాటకూ పాటకూ మధ్య తేడా చూపిస్తాయి. నలుగురు వాయించడం మొదలుపెట్టగానే మూడో పాటకల్లా అందరి చేతులూ అదే పని చేస్తుంటాయి. నా మొదటి బృందంలో సరిగ్గా ఇదే జరిగింది. నా దగ్గరున్న ఇరవై రెండు పాటల్లో పదిహేను ఒకే తాళంలో, దాదాపు ఒకే కాలంలో ఉన్నాయని నాకు మృదంగం వాయించే మిత్రుడు చెప్పేదాకా తెలియలేదు. అతను ఆ మాట విసుగుతో అన్నాడు, నేను నొచ్చుకున్నాను. ఇద్దరిలో తప్పు నాదే. కాబట్టి ఎవరినీ పిలవకముందే ఒక పని చేయండి. ముప్పై పాటలనూ సాహిత్యం లేకుండా, కేవలం కూనిరాగంగా వరుసగా పాడి రికార్డు చేయండి. మాటలు తీసేశాక ఏవి వేరుగా నిలబడుతున్నాయో చూడండి. పది నిలబడితే మీరు అదృష్టవంతులు. బృందం ఆ పదింటి కోసమే. మిగతా ఇరవై చెడ్డ పాటలు కావు, అవి ఒంటరి గొంతుకే చెందిన పాటలు కావచ్చు.

బృందం ఎప్పుడు కట్టాలన్న ప్రశ్నకు నా సమాధానం ఇక్కడే మొదలవుతుంది. చాలామంది బృందాన్ని నిచ్చెనలో తరువాతి మెట్టుగా భావిస్తారు. ఇంట్లో పాడటం, చిన్న వేదిక, పెద్ద వేదిక, ఆ తరువాత బృందం అని వరుస వేసుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. పెద్ద వేదికలు దొరకాలంటే పెద్ద నాదం కావాలి, పెద్ద నాదం కావాలంటే మనుషులు కావాలి అన్న లెక్కతో ఐదుగురిని పోగుచేశాను. ఆ ఐదుగురిలో ఒక్కరిని కూడా పాట అడగలేదు, నేను అడిగాను. పాట తోడు అడగడమంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెప్తాను. నా రెండో బృందం పుట్టిన పాటలో ప్రతి చరణం చివరా ఒక దీర్ఘస్వరం ఉండేది. ఒంటరిగా పాడినప్పుడు ఆ స్వరాన్ని ఎంతసేపు పట్టి ఉంచినా కింద ఏదో లేనట్టు ఉండేది, గిటారు తీగ మీటిన వెంటనే సన్నగిల్లిపోయేది. అక్కడ కావలసింది ఆగకుండా సాగే నాదం. కమానుతో వాయించే వాయిద్యం గాని, హార్మోనియం లాంటిది గాని, మరో గొంతు గాని కావాలి. ఆ ఖాళీని ఆరు నెలలు మోసిన తరువాత ఒక వయొలిన్ కళాకారిణిని ఆ ఒక్క పాట కోసమే పిలిచాను. ఆవిడ ఇప్పటికీ మా బృందంలో ఉన్నారు. పాటలో ఇలాంటి ఖాళీ మీకు స్పష్టంగా వినబడేదాకా ఎవరినీ పిలవకండి. ఎవరో ఒకరు ఉంటే బాగుండునన్న ఒంటరితనానికీ పాటలోని ఖాళీకీ చాలా తేడా ఉంది. మొదటిదానికి స్నేహితులు చాలు.

ఈ దారిలో బాగా ఆలోచింపజేసే జీవితం ఇంగ్లండు గాయని శాండీ డెన్నీది. ఆమె 1947లో లండన్‌లో పుట్టారు. నాయనమ్మ స్కాటిష్ సంప్రదాయ పాటలు పాడేవారు. చిన్నప్పుడు శాస్త్రీయ పద్ధతిలో పియానో నేర్చుకున్నారు. కొంతకాలం ఆసుపత్రిలో నర్సు శిక్షణ పొంది, తరువాత కళాశాలలో చిత్రకళ చదువుతూ జానపద క్లబ్బుల్లో గిటారుతో ఒంటరిగా పాడారు. ఇక్కడి దాకా ఇది మీ కథ లాంటిదే. తరువాత ఆమె వెంటనే సొంత బృందం కట్టలేదు. 1967లో స్ట్రాబ్స్ బృందంతో కొద్దికాలం పాడి కోపెన్‌హాగెన్‌లో ఒక ఆల్బమ్ రికార్డు చేశారు, అది 1973 దాకా వెలుగు చూడనే లేదు. 1968లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందంలో చేరారు. క్లబ్బుల్లో తాను నేర్చుకున్న సంప్రదాయ పాటలను ఆమె విద్యుత్ గిటార్లూ డ్రమ్ములూ ఉన్న ఆ బృందంలోకి తీసుకువెళ్ళారు. 1969 మేలో ఆ బృందం ప్రయాణిస్తున్న వ్యాన్ ప్రమాదానికి గురై డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ పంతొమ్మిదేళ్ళకే చనిపోయాడు. ఆ దుఃఖం నుంచి లేచి, మిగిలినవారు కొత్త డ్రమ్మర్‌తో, ఫిడేలు వాద్యకారుడు డేవ్ స్వార్‌బ్రిక్‌తో కలిసి పాత కథాగేయాలను కొత్త నాదంలో రికార్డు చేశారు. బ్రిటిష్ జానపద రాక్ సంగీతానికి అది పునాది అయింది. పాత పాటల్లోకి ఇంకా లోతుగా వెళ్ళాలన్న కోరిక బృందంలో బలపడుతున్న కాలంలోనే, సొంత పాటలకు ఎక్కువ చోటు కోరుకున్న డెన్నీ ఆ ఏడాది చివర బయటికి వచ్చి 1970లో ఫాదరింగే అనే సొంత బృందాన్ని కట్టారు.

ఈ క్రమాన్ని జాగ్రత్తగా చూడండి. రెండు బృందాల్లో వేరొకరి ఇంటి మనిషిగా ఉండి, బృందం ఎలా ఊపిరి తీసుకుంటుందో నేర్చుకున్న తరువాతే తన పాటలకు ఏం కావాలో ఆమెకు తెలిసింది. మీకు నా గట్టి సలహా ఇదే. సొంత బృందం కట్టే ముందు కనీసం ఒక ఏడాది మరొకరి బృందంలో వంత పాడండి. మరొకరి పాటలో మీ గొంతు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు అణిగి ఉండాలో తెలిసిన తరువాత, రేపు మీ పాట కోసం వచ్చినవారిని ఏం అడగవచ్చో, ఏం అడగకూడదో తెలుస్తుంది. డెన్నీ కథలో మరో సంగతి కూడా ఉంది. ఫాదరింగే ఒకే ఆల్బమ్ విడుదల చేసి, రెండోది చేస్తుండగా 1971 మొదట్లో విడిపోయింది. ఆ అసంపూర్ణ ఆల్బమ్‌ను మిగిలిన సభ్యులు పూర్తిచేసేసరికి 2008 వచ్చింది, అప్పటికి ఆమె పోయి ముప్పై ఏళ్ళు. మంచి పాటలూ మంచి వాద్యకారులూ ఉన్నా బృందం ఏడాదికే విడిపోవచ్చు. అది పాటల వైఫల్యం కాదు. అందుకే నా మొదటి బృందం గురించి ఇప్పుడు సిగ్గుపడటం మానేశాను.

ఎవరితో కట్టాలి? మొదటి మనిషి ఎంపికే దాదాపు అంతా నిర్ణయిస్తుంది. మీకు తెలిసినవారిలో బాగా వాయించేవారిని కాదు, బాగా వినేవారిని పిలవండి. దీన్ని పరీక్షించడం తేలిక. మీరు ఒక పాట పాడుతూ రెండో చరణంలో కావాలనే కాలం కొంచెం తగ్గించండి. ఎదుటివారు మీతో పాటు తగ్గితే వింటున్నట్టు. తగ్గకుండా తన చేతిలో ఉన్న లయను నడుపుకుంటూ పోతే, ఎంత గొప్ప వాద్యకారుడైనా సరే, మీ పాటకు ఇంకా సమయం ఉంది. ఒకరితో మొదలుపెట్టి, మూడు నాలుగు నెలలు ఇద్దరే పాడి, అప్పటికీ ఖాళీ మిగిలితే మూడోవారిని పిలవండి. ముగ్గురి దగ్గర ఆగడంలో లోటేమీ లేదు. బుర్రకథ దళం చూడండి, కథకుడొకడు, వంతలు ఇద్దరు. తంబుర శ్రుతి, గుమ్మెట లయ, కథ నడిపే గొంతు, ప్రశ్న వేసే గొంతు, నవ్వించే గొంతు అన్నీ ఆ ముగ్గురిలోనే ఇమిడిపోయాయి. తెల్లవార్లూ కథ నిలబెట్టడానికి నాలుగో మనిషి అవసరం రాలేదు. వంతలు కేవలం తందాన అనడానికే లేరు, కథకుడు ఊపిరి తీసుకునే చోటును కథలో భాగంగా మారుస్తారు. ఎవరిని చేర్చుకోవాలన్నా నేను ముందుగా వేసుకునే ప్రశ్న అదే: నేను ఊపిరి తీసుకునే చోట ఈ మనిషి ఏం చేస్తాడు?

ఇక వాయిద్యాలతో పాడటంలో ఎదురయ్యే సాంకేతికమైన చిక్కులు. వీటిని ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. మొదటిది శ్రుతి. ఒంటరిగా ఉన్నప్పుడు మీ గొంతుకు కుదిరిన మెట్టులో, అంటే పాటకు ఆధారమైన స్వరస్థాయిలో, కాపో (గిటారు మెడకు బిగించి శ్రుతి పెంచే బిగింపు) ఎక్కడ బిగించాలంటే అక్కడ బిగించి పాడతారు. పాశ్చాత్య జానపద పద్ధతిలో వాయించే ఫిడేలుకు జి, డి, ఎ (ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు) మెట్లు హాయిగా ఉంటాయి, ఎందుకంటే దాని నాలుగు తీగలు జి, డి, ఎ, ఇ స్వరాలకు శ్రుతి చేసి ఉంటాయి, వేలు ఆనించని తీగ పలికే నాదం ఆ మెట్లలో తోడు వస్తుంది. విజిల్ లాంటి చిన్న వేణువు ఒక్కొక్కటి ఒక్కో మెట్టుకే చేసి ఉంటుంది. మీ గొంతు బి ఫ్లాట్‌లో బాగా పలుకుతుంటే, తోటివారు సులువు కోసం ‘కొంచెం పైకో కిందికో మార్చి పాడండి’ అంటారు. ఆ మాటకు ఎన్నడూ ఒప్పుకోకండి. జానపద పాటలో మాట స్పష్టంగా, మాట్లాడినట్టుగా పలకాలి. ఒక మెట్టు పైకి వెళితే అదే మాట అరుపుగా మారవచ్చు, కిందికి దిగితే గొణుగుడు కావచ్చు. గిటారుకు కాపో ఉంది, వేణువుకు వేరే మెట్టు వేణువు ఉంది, ఫిడేలు తీగలను కొద్దిగా దించి శ్రుతి చేసుకోవచ్చు. మార్చుకోవడానికి వీలులేనిది గొంతు ఒక్కటే.

రెండోది మాట వినబడటం. మనం మాటలను గుర్తుపట్టేది ముఖ్యంగా హల్లుల వల్ల, వాటి స్పష్టత చాలామటుకు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) మధ్య ఉంటుంది. ఫిడేలు పై స్థాయి, మీటిన లోహపు తీగల చురుకు, తాళాల గలగల అన్నీ వచ్చి కూర్చునేది కూడా అక్కడే. శబ్దం పెంచితే ఈ చిక్కు తీరదు, అందరూ పెరుగుతారు, మాట అలాగే మునిగి ఉంటుంది. దీనికి మందు సర్దుబాటులోనే ఉంది. మీరు పాడుతున్నంతసేపూ ఫిడేలు కింది తీగల మీద ఉండాలి, మీరు ఆగినప్పుడు పైకి రావాలి. గిటారు పట్టు మీ గొంతు తిరిగే స్థాయిని వదిలిపెట్టి ఉండాలి. మా బృందంలో ఒక నియమం పెట్టుకున్నాం. కొత్త పాట సిద్ధమయ్యాక దాన్ని ఎప్పుడూ వినని ఒకరిని పిలిచి వినిపిస్తాం, పాట అయ్యాక కథ చెప్పమని అడుగుతాం. కథ చెప్పలేకపోతే ఏదో ఒక వాయిద్యం కొంత తగ్గుతుంది. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఏదీ పెంచవలసి రాలేదు.

మూడోది కాలం. ఒంటరిగా పాడే మనిషి మాటను బట్టి కాలాన్ని సాగదీస్తాడు, కుదిస్తాడు. అది జానపదానికి ప్రాణం. నలుగురు చేరగానే ఆ సాగుడు పోయి పాట సమంగా నడుస్తుంది, సమంగా నడిచేది క్రమంగా వేగం పుంజుకుంటుంది. బృందం కట్టకముందు మీ పదింటినీ మెట్రోనోమ్ (సమంగా దెబ్బలు కొట్టి కాలం చూపే పరికరం) లేకుండా పాడి రికార్డు చేసి, ఒక్కొక్కటి నిమిషానికి ఎన్ని దెబ్బలతో నడుస్తోందో రాసిపెట్టుకోండి. మూడు నెలల తరువాత మళ్ళీ కొలవండి. మా మొదటి కొలతలో ఒక జోలపాట నిమిషానికి పద్నాలుగు దెబ్బలు పెరిగి ఉంది. బిడ్డ నిద్రపోయే పాట కాస్తా బిడ్డ లేచి కూర్చునే పాట అయింది. లయకు కట్టుబడని పాటలైతే, అంటే సాగదీసి పాడే పాత కథాగేయాల్లాంటివైతే, వాటికి తాళవాయిద్యాన్ని పూర్తిగా ఆపేసి, శ్రుతి పట్టే ఒక్క నాదాన్ని మాత్రం ఉంచండి.

మాటలు లేని లోటు ఆరు నెలల్లో తీరుతుందన్నాను కదా, దాని అర్థం ఇది. స్వరాల పేర్లు, మీ పాటల మెట్లు, తాళంలో అక్షరాల లెక్క, ఏ పట్టు తరువాత ఏ పట్టు వస్తుందన్నది చెప్పగలిగితే చాలు. స్వరలిపి చదవడం రాకపోయినా నడుస్తుంది. ‘ఇక్కడ కొంచెం దిగులుగా ఉండాలి’ అని చెప్పడం కన్నా ‘ఈ రెండు మాత్రల పాటు ఆపండి’ అని చెప్పగలగడం అందరి సమయాన్నీ, అందరి మర్యాదనూ కాపాడుతుంది.

చివరగా పేరు, డబ్బు. వీటి గురించి మాట్లాడటం జానపదానికి తగదని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. 1941లో న్యూయార్క్‌లో పీట్ సీగర్, లీ హేస్, మిలార్డ్ లాంపెల్ మొదలైనవారు కట్టిన అల్మనాక్ సింగర్స్ బృందంలో వుడీ గత్రీ కూడా చేరారు. వారు ఒకే ఇంట్లో కలిసి ఉండి, పాటలు కలిసి కట్టి, అద్దె కోసం ఇంట్లోనే పాటల సభలు పెట్టుకునేవారు. ఆ ఆదర్శం నాకు ఇష్టమే. కాని దక్షిణాఫ్రికా గాయకుడు సాలమన్ లిండా కథ కూడా మరవకూడదు. పల్లెలో పశువులు కాస్తూ పెరిగి, జొహానెస్‌బర్గ్ చేరి, ఈవెనింగ్ బర్డ్స్ అనే గాయక బృందాన్ని నడిపిన ఆయన 1939లో రికార్డు చేసిన ఒక పాట తరువాత ప్రపంచమంతా తిరిగింది, ఎందరికో డబ్బు తెచ్చింది. ఆయన మాత్రం 1962లో పేదరికంలోనే చనిపోయారు. ఆయన కూతుళ్ళకు న్యాయం కొంతైనా దక్కింది 2006లో కుదిరిన ఒప్పందంతోనే. పైన చెప్పిన ఎలిజబెత్ కాటన్ చిన్నప్పుడు కట్టిన పాటను కూడా వేరేవారు తమ పేరున నమోదు చేసుకున్నారు, ఆమె హక్కు ఆమెకు చేరడానికి పోరాడవలసి వచ్చింది. అందుచేత మొదటి కచేరీకి ముందే ఒక కాగితం మీద రాసుకోండి. సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, సంప్రదాయ పాట అయితే ఎవరి నోట విన్నది, దాని కూర్పు ఎవరు చేశారు అన్నవి ఒక్కో పాటకు విడిగా ఉండాలి. పాట మీద హక్కు వేరు, దాని రికార్డింగ్ మీద హక్కు వేరన్నది అందరికీ తెలిసి ఉండాలి. బృందం విడిపోతే పేరు ఎవరికి మిగులుతుందో కూడా ఇప్పుడే, అందరూ నవ్వుతూ మాట్లాడుకుంటున్నప్పుడే నిర్ణయించండి. నా మొదటి బృందం చెదిరినప్పుడు మూడు పాటల బాణీలు ఎవరివన్న వాదన తెగలేదు. ఆ మూడు పాటలూ ఈ రోజుకీ మాలో ఎవరమూ పాడటం లేదు. ఆ నష్టం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, ఎందుకంటే వాటిలో ఒకటి మా అమ్మ దగ్గర విన్న వరస మీద కట్టింది.

మీరు రేపే మొదలుపెట్టాలనుకుంటే ఇలా చేయమంటాను. కూనిరాగం పరీక్షలో నిలబడిన పదింటిలోంచి, ఎక్కడో ఏదో లేదనిపించే పాటను ఒక్కదాన్ని తీసుకోండి. వినడం తెలిసిన ఒక్క మనిషిని పిలవండి. బృందం అనే మాట ఎత్తకండి, ఈ పాట వినమని మాత్రం చెప్పండి. మొదటిసారి మీరొక్కరే పాడండి, వారి వాయిద్యం పెట్టెలోనే ఉండాలి. రెండోసారి వారికి తోచినట్టు వాయించమనండి, ఏమీ సూచించకండి. మూడోసారి గిటారు పక్కన పెట్టి, మీ గొంతూ వారి వాయిద్యమూ మాత్రమే ఉండేలా పాడండి. మూడింటినీ రికార్డు చేసి, నాలుగు రోజులు వినకుండా ఉంచండి. ఐదో రోజున మూడోదాన్ని వింటూ, వారు ఎక్కడెక్కడ వాయించకుండా ఆగారో ఒక కాగితం మీద గుర్తు పెట్టండి. ఆ గుర్తులు మీరు ఊపిరి తీసుకునే చోట్లలో కాకుండా మీ మాట బరువుగా పడే చోట్లలో ఉంటే, వారిని మళ్ళీ పిలవండి.